సంగటియు వరియన్నమును: చిత్తూరు సీమ రుచుల చరిత్ర



ఇద్దరు గృహస్థులు రచ్చబండమీద కూర్చుండి మాటాడుకొనునప్పుడు వానలు, ధరలు, వ్యాజ్యములు మొదట ప్రస్తావనకు వచ్చును గాని, తుదకు సంభాషణము తిండివద్ద నిలుచును. "మీ యింట నేమి వండిరి?" అని యొకరు, "నాకు సంగటియే గాని వరియన్నము కడుపు నింపదయ్యా" అని యొకరు, "నాకు పులుసు లేనిదే ముద్ద దిగదు" అని మఱియొకరు చెప్పుకొందురు. ఇట్టి మాటలను మనము కాలక్షేపపు ముచ్చటలుగా నెంచుదుము. ఎవరి నాలుక వారిది, ఎవరి యిష్టము వారిది, ఇందులో విచారింపవలసిన దేమున్నదని త్రోసివేయుదుము.

నే నీ ప్రసంగమున మనవి చేయదలచిన దొక్కటియే. మన యిష్టములు మన నాలుకమీద పుట్టినవి కావు. నేల, నీరు, దేవాలయము, ఓడ, కఱవు, ప్రభుత్వాజ్ఞ, ఇల్లాలి చేతికష్టము: వీనివలన అవి యేర్పడినవి. "నాకిది రుచి" యని యొక వృద్ధుడు పలికిన మాటయు శిలాశాసనమువంటి చరిత్రాధారమే. చదువ నేర్చినచో అందు నూర్లకొలది సంవత్సరముల వృత్తాంతము కానవచ్చును. దీనికి మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములను మించిన తార్కాణము దొరకదు.

మొదట నేల సంగతి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిలు 1వ తేదీన ఉత్తరార్కాటు, కడప జిల్లాల తాలూకాలతో నేర్పడినది. 2022 ఏప్రిలులో దానిని విభజించి, తిరుపతి కేంద్రముగా వేఱొక జిల్లాను చేసిరి. ప్రభుత్వములు గీచిన గీతలు మాఱుచుండును గాని ప్రకృతి గీచిన గీత మాఱలేదు. ఆ గీత కనుమల వరుస. చిత్తూరునుండి బయలుదేరి మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరువాడు సుమారు 25 మైళ్లలోనే యొక తిండి దేశమునుండి మఱియొక తిండి దేశమునకు పోవును. పైన పలమనేరు, కుప్పము, పుంగనూరు, మదనపల్లె సీమలు సముద్రమట్టమునకు 2000 అడుగులకు మించిన యెత్తున నున్నవి. ఎఱ్ఱనేలలు, మెట్టపొలములు, వానకు ఎదురుచూచు సేద్యము. అచట రాగి, ఉలవ, అనప. క్రింద చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి వైపున స్వర్ణముఖి యేఱు, దానినంటిన కాలువలు, చెఱువులు. అచట వరి. 1800 సంవత్సరమున చెన్నపట్టణమునుండి మైసూరు సీమకు బోయిన ఫ్రాన్సిసు బుకానను అను వైద్యుడు, కనుమలపై సీమ మెట్టపంటలలో రాగియే ప్రధానమని తన యాత్రాగ్రంథమున వ్రాసియున్నాడు.

మాటలను చూడుడు. మన మనెడి సంగటిని కన్నడమువారు ముద్దె యందురు, తమిళులు కళి యందురు. మన రాగులను ఉత్తర సర్కారులవారు చోళ్లనియు, తెలంగాణమువారు తైదలనియు పిలుతురు. పండుగనాటి పూర్ణపు భక్ష్యమును మన జిల్లాలోనే కొందరు ఓళిగలనియు, కొందరు పోళీలనియు అందురు. కోస్తావారికి అవి బొబ్బట్లు. ఒక జిల్లాలో నిన్ని పేర్లు వినబడుట మూడు భాషల యిండ్లు ప్రక్కప్రక్కనే యుండి, పొయ్యిమీది వంటను ఇచ్చిపుచ్చుకొనుటకు గుర్తు. సంగటిలో సైతము భేదము కలదు. మైసూరు ముద్దెకు తఱచుగా పిండి యొక్కటియే చాలును. మన సీమలో మొదట బియ్యపు నూకలు ఉడికించి, అందులో రాగిపిండి పోసి, ఆవిరిపట్టనిచ్చి, కట్టెతో కెలికి ముద్ద చేయుదురు. వరిసీమకును రాగిసీమకును నడుమ నున్న జిల్లా యగుటచేత మన ముద్దలోనే రెండు సీమలును కలిసికొనినవి.

ఒక సీమవాడు మఱియొక సీమ తిండిని నిందించుట క్రొత్త కాదు. కవిసార్వభౌముడైన శ్రీనాథుడు 15వ శతాబ్దివాడు. కొండవీటిలోను, రాజమహేంద్రవరమునందును రాజాశ్రయమున వెలసినవాడు. సన్నబియ్యపన్నమున కలవాటుపడిన యా మహాకవి పల్నాటికి బోయి జొన్నకూడు తినలేక వాపోయినట్లు, దేవునినైనను ఒక ముద్ద మ్రింగి చూడుమని సవాలు చేసినట్లు, ఆయన పేర చాటుపద్యములు లోకమున వ్యాపించినవి. అవి చదివి మనము నవ్వుదుము. కాని ఆ పద్యములు జొన్నను గూర్చి చెప్పునది తక్కువ, కవి పెరిగిన చోటును గూర్చి చెప్పునది యెక్కువ. పల్నాటి కాపు ఏ రాజమహేంద్రవరమునకో పోయి, మెత్తని యన్నము తిని, రెండు గడియలకే యాకలి యయ్యెనని పద్యము కట్టియున్నచో, అదియు నంతే సత్యమై యుండెడిది. ఆతనికి పద్యము కట్టువారు లేకపోయిరి. కావున చరిత్రలో వరియన్నము పక్షముననే సాక్ష్యము నిలిచెను.

ఇక దేవాలయము. తిరుమల తిరుపతుల గుడిగోడలమీద వేయికి పైగా శాసనములు కలవు. అందు పెక్కు తమిళమునను, కొన్ని తెలుగు కన్నడములందును ఉన్నవి. 1930 నాటి దశకములో దేవస్థానము పక్షమున అవి సంపుటములుగా ప్రకటింపబడినవి. ఆ శాసనములను రాజుల పేర్లకొఱకు చదువువారు కలరు. నేను వానిని వంటయింటి లెక్కలుగా చదివితిని. ఏ దాత యెంత రొక్క మిచ్చెనో, దానికి ప్రతిగా దినమున కెంత బియ్యము, ఎంత నేయి, పెసరపప్పు, పెరుగు, బెల్లము, ఉప్పు, మిరియము, కూరలు, ఆకువక్కలు భాండారమునుండి యీయవలెనో కొలతలతోసహా అందు వ్రాసియున్నది. అన్నప్రసాదమునకు తిరుప్పోనకమని పేరు. అప్పము, అతిరసము, వడ, దోసె, సుఖియము, మనోహరము అను భక్ష్యముల పేర్లు మరలమరల వచ్చును. అతిరసము మన యరిసెకు తోబుట్టువు.

ఈ నైవేద్యములకు బియ్యమెచటినుండి వచ్చెను? ఇచటనే మన కథకు కీలకమున్నది. విజయనగర కాలమున, ముఖ్యముగా చంద్రగిరి నేలిన సాళువ నరసింహుని కాలము మొదలుకొని, దాతలిచ్చిన ధనమును ఆలయాధికారులు దేవుని గ్రామములలో చెఱువులు బాగుచేయించుటకును, క్రొత్త కాలువలు త్రవ్వించుటకును వినియోగించిరి. నీరు పాఱిన మడులలో అధికముగా పండిన ధాన్యమే దాత పేర నిత్యనైవేద్యమయ్యెను. నివేదించిన ప్రసాదములో నాలవవంతు దాతకు చెందును. దాత దానిని తనవారి కీయవచ్చును, లేదా విక్రయింపవచ్చును. అట్లు విక్రయించిన ప్రసాదమే యాత్రికుల యాకలి తీర్చెను. తాళ్లపాక యన్నమాచార్యుల వంశమువారును ఇట్టి దాతలలో నున్నారు. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకు వచ్చినది 1513లో. ఆ తరువాతను ఆయన పలుమార్లు కొండ యెక్కెను.

కొండకు వచ్చువారిలో మెట్టసీమల కాపులు వేలకొలదిగ నుండిరి. ఇంటివద్ద పండుగనాడు తప్ప వరియన్న మెఱుగని వారికి కొండమీద నేతితో మిరియముతో చేసిన యన్నము చేతిలో పడెను. అది దేవుని యుచ్ఛిష్టము. దాని రుచి భక్తితో కలిసి నాలుకపై నిలిచెను. వరియన్నము గొప్ప తిండి, సంగటి సామాన్యపు తిండి యను భావము మన సీమలో బలపడుటకు ధనికుల విస్తరియే కాక దేవుని పళ్లెమును కారణమని నా యభిప్రాయము. నేడు తిరుపతి యనగా లడ్డు జ్ఞప్తికి వచ్చును. 2009లో దానికి భౌగోళిక సూచిక యను చట్టపు గుర్తింపును లభించినది. కాని విజయనగర కాలపు యాత్రికుడు మూటగట్టుకొని యింటికి తెచ్చిన రుచులు అప్పము, అతిరసము, వడ వంటివి.

ఐనను దేవుని నామమున సంపన్నుల రుచి యొక్కటియే నిలువలేదు. స్వామికి ప్రతిదినము క్రొత్త మట్టి యోటిలో పెరుగన్నము నివేదింతురనియు, కులశేఖరపడి దాటి లోనికి పోవు ప్రసాద మదియే యనియు సంప్రదాయము. దానికి కారణముగా మట్టిపూలతో పూజించిన కుమ్మరి భక్తుని కథను చెప్పుదురు. కొండక్రింద తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు మే నెలలో జాతర జరుగును. ఆ తల్లికి జనులు పొంగళ్లతో పాటు అంబలియు సమర్పింతురు. కొండమీద నేతి యన్నము, కొండక్రింద రాగి యంబలి. ఒకే యూరివారు, ఒకే కుటుంబమువారు రెంటికిని చేతులు జోడింతురు. దేవతల విషయమున మన పెద్దలు ఒక తిండిని హెచ్చుచేసి మఱియొకదానిని పాఱవేయలేదు.

ఇప్పుడు ఓడల సంగతి. మన సీమవారికి కారము ప్రాణమని యెల్లరును ఎఱుగుదురు. కాని 15వ శతాబ్దపు తిరుమల శాసనములలో మిరపకాయ లేదు. ఏలయన అప్పటి కది యీ దేశమునకే రాలేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. కొలంబసు ఆ ఖండమును చేరినది 1492లో, వాస్కో డ గామా కళ్లికోటకు వచ్చినది 1498లో. పిదప పోర్చుగీసువారి ఓడలతో మిరప మన తీరమునకు వచ్చెను. అంతవఱకు మన పెద్దల కారము మిరియమే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి వడ్డించును. వానకాలమున పప్పు, వరుగులు, వడియములు. వేసవిలో చలువచేయు పదార్థములు. చలికాలమున మిరియపుపొడితో వేడివేడి కూరలు. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత కారము పేరునే పెట్టిరి. తమిళమున మిళగనగా మిరియము, మిళగాయ యనగా మిరప. తెలుగునందును మిరియము, మిరప యను మాటల చుట్టఱికము చెవికే తెలియుచున్నది.

వేరుసెనగయు నట్టిదే. అది దక్షిణ అమెరికానుండి వచ్చినది. 19వ శతాబ్దిలో దక్షిణార్కాటునందు విస్తరించి, పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సు దేశపు మార్సేలు నగరమునకు నూనెకొఱకు ఎగుమతి యగుచుండెను. ఆ బేరమువలన చుట్టుపట్ల మెట్టలకు ప్రాకి, 20వ శతాబ్దిలో మన జిల్లా మెట్టపంటలలో అగ్రస్థాన మందెను. రాగికిని సజ్జకును ఉన్న చోటును చాలవఱకు అదియే ఆక్రమించెను. వంటయింట నువ్వులనూనె వాసన తగ్గి సెనగనూనె వాసన హెచ్చెను. నేడు మదనపల్లె పేరు తెచ్చిన టమేటాయు అమెరికానుండి వచ్చిన చుట్టమే.

ఒక కాపు సంగటిముద్ద, చెనక్కాయల ఊరిబిండి, చింతపులుసు, ఉలవచారు ముందిడుకొని, "ఇది మా తాతముత్తాతల తిండి" యని చెప్పినాడనుకొనుడు. ఊరిబిండిలోని మిరపయు చెనక్కాయయు అమెరికావి. చింత ఆఫ్రికా మొక్క. రాగియు తూర్పు ఆఫ్రికా మిట్టలలో మొదట సాగై, వేలయేండ్ల క్రిందట మన దేశమునకు వచ్చినది. ఇక ఉలవ మాత్రము మన దక్షిణాపథపు బిడ్డ. బళ్లారి సమీపమున సంగనకల్లు మొదలగుచోట్ల పురాతన నివాసములను త్రవ్వి చూచిన శాస్త్రజ్ఞులకు సుమారు 4000 సంవత్సరములనాటి ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు దొరికినవి. కావున ఆ విస్తరిలో మూడు ఖండములు కూర్చుండియున్నవి. అయినను ఆ కాపు చెప్పినది అసత్యము కాదు. ఎచటినుండి వచ్చిన గింజయైనను మన నేలలో మొలిచి, మన అవ్వల చేతిలో పాకమైనపిమ్మట అది మనదే. ఇది మన తిండి, అది పరాయి తిండి యని పోట్లాడువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనుట మేలు.

ఇక కఱవు. 1876 మొదలు 1878 వఱకు చెన్నరాజధానిని పీడించిన మహాక్షామమున కడప, ఉత్తరార్కాటు జిల్లాలును మిక్కిలి నష్టపడినవి. లక్షలకొలది జనులు మడిసిరి. వంగదేశమునుండియు బర్మానుండియు బియ్యము ఓడలలో చెన్నపట్టణమునకు వచ్చి, రైళ్లలో లోపలి జిల్లాలకు పోయెను. 1877లో సర్ రిచర్డు టెంపులు అను నధికారి కఱవుపనులలో రాళ్లు కొట్టు కూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యపు వెలయు, దానిపై కొన్ని కాసులును చాలునని నిర్ణయించెను. పాటుపడు మనుష్యునికి అది చాలదని రాజధాని ఆరోగ్యశాఖాధికారి కార్నిషు వాదించెను. ఆ యేడే ఆ కూలి పెంచవలసి వచ్చెను. అట్టి కాలమున పాతరలోని రాగి యెంతటి యాప్తబంధువో మీకు నేను చెప్పనక్కఱలేదు. రాగి పురుగుపట్టక యేండ్ల తరబడి నిలువయుండును. సంగటి రుచియందు మన పెద్దలకు గల మక్కువలో ఆ కృతజ్ఞతయు కలిసియున్నదని నేను నమ్ముచున్నాను.

కఱవు ప్రాణములను గొనిపోయినట్లే రుచులనుగూడ మార్చును. పరదేశపు బియ్యము రైలుమీద రాగలదని జనులకు తెలిసెను. తరువాతి కాలమున బర్మా బియ్యము చెన్నరాజధాని కలవాటైపోయెను. 1942లో జపానువారు బర్మాను గొనగా ఆ దారి మూతపడెను. 1943లో చెన్నపట్టణమున రేషను వచ్చెను. క్రమముగా ఇతర ప్రాంతములకును ప్రాకెను. చీటిమీద కొలిచి యిచ్చు బియ్యముకొఱకు జనులు బారులు తీరిరి. 1951, 1952 సంవత్సరములలో రాయలసీమయందు కఱవు మరల తాండవించినప్పుడు గంజికేంద్రములు పెట్టవలసివచ్చెను. 1952లో చక్రవర్తుల రాజగోపాలాచార్యులవారి ప్రభుత్వము ఆహారధాన్యముల కంట్రోలును తీసివేసెను. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయల వంతున పేదలకు బియ్య మిచ్చు పథకమును ప్రారంభించెను. వందల యేండ్లుగా పండుగనాటి తిండియైన వరియన్నము అంతట దినదినపు తిండి యయ్యెను. ఈ మార్పు ఒక తరములో జరిగినది. మీలో పెక్కురు దీనిని కన్నులార చూచినవారు.

ఇచట న్యాయముగా నొక మాట చెప్పవలెను. పాతకాలపు సంగటిని పొగడి, రేషను బియ్యమును తిట్టుట నేటి పట్టణవాసులలో కొందరికి వేడుక. చౌకబియ్యము వచ్చిన పిమ్మట పస్తుపండుకొను కుటుంబముల సంఖ్య తగ్గినది. అది చిన్న మేలు కాదు. మఱియు సంగటి గొప్పను చెప్పుచున్నది యెవరు? తఱచు తినువారు. చేయువారి నడిగి చూడుడు. తెల్లవాఱకముందే లేచి విసరురాయి ముందు కూర్చుండి రాగులు విసరినది ఆడువారు. కొఱ్ఱలు, సామలు, ఆరికలు రోట దంచినదియు వారే. ఆరికకు పొట్టు పొరలు పొరలుగా నుండును, ఒక పట్టున విడదు. మరలో ఆడించిన బియ్యము వచ్చినప్పుడు వారి చేతులకు విశ్రాంతి లభించెను. "ఆ యూరిలో చెఱువున్నది, వరియన్నము తినును, రాయి విసరనక్కఱలేదు" అని చూచి పిల్లనిచ్చెడివారమని వృద్ధులు చెప్పగా నేను విన్నాను. కావున వరియన్నమునం దిష్టము గొప్పలకు పోవుట మాత్రమే కాదు. తల్లి బిడ్డకు కోరిన సుఖముకూడ. రాగిమరలు పల్లెపల్లెకును ముందుగా వచ్చియున్నచో ఈ కథ వేఱొక తీరున నడచియుండెడి దేమో.

ఐనను ఇందు పోగొట్టుకొన్నది కలదు. మొదటిది బలము. నూఱు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము, అనగా ఎముకలకు కావలసిన సున్నపు ధాతువు, కలదు. తెల్లగా మరపట్టిన బియ్యమున అది 10 మిల్లీగ్రాముల చాయల మాత్రమే. రెండవది భద్రత. ఐర్లండు దేశపు పేదలు బంగాళాదుంప యొక్కదానినే నమ్ముకొనియుండిరి. 1845లో ఆ పంటకు తెగులు తగులగా వచ్చిన క్షామమున సుమారు 10 లక్షల జనులు మరణించిరి. ఒక్క గింజను నమ్మిన జనపదమునకు ఒక్క తెగులు చాలును. మన పూర్వులు వాన బాగుగ నున్నచో వరి, తగ్గినచో రాగి, మఱియు తగ్గినచో సజ్జ, కొఱ్ఱ, ఉలవ యని నాలుగు దారులు పెట్టుకొనిరి. ఆ నాలుగింటికిని నాలుగు రుచులు నాలుకకు నేర్పిరి. రుచి పోయినచో విత్తనము పోవును. తినువాడు లేని గింజను ఏ కాపు చల్లును?

మూడవది మానము. వియ్యాలవారు వచ్చిన దినమున సంగటికుండ మూలకు పోవుటయు, వరియన్నము విస్తరిలోనికి వచ్చుటయు మన మెఱుగనివి కావు. తన కిష్టమైన తిండి పేరు నలుగురిలో చెప్పుటకు సిగ్గుపడు మనుష్యుడు, తన తల్లి చేసిన పనియందే సిగ్గుపడుచున్నాడు. విచిత్రమేమన, ఐక్యరాజ్యసమితి 2023 సంవత్సరమును చిఱుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. బెంగుళూరు, తిరుపతి నగరముల భోజనశాలలలో రాగిసంగటియు నాటుకోడి పులుసును ప్రత్యేక భోజనమని పేరుపెట్టి అమ్ముచున్నారు. నిన్న మూలకు దాచిన కుండను నేడు దీపముల క్రింద నిలిపిరి. గింజ మాఱలేదు, చూచువారి కన్ను మాఱినది. రుచియందలి హెచ్చుతగ్గులు గింజలో లేవనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱేల?

వృద్ధులారా, మీవలన కావలసిన దొక పని కలదు. శాసనములు చెక్కించినవారు రాజులును, దాతలును. వారి వంటల లెక్కలు రాతిమీద నిలిచినవి. మీ యిండ్లలో జరిగిన వంటల లెక్క యే రాతిమీదను లేదు. మార్గశిర పుష్య మాసములలో అనపకాయ లొలిచి, గింజలు నానవేసి, పొట్టు పితికి పితికిపప్పు చేసిన విధము. ఏ నెలలో ఏ యాకును చేనిగట్టున కోసి పులుసు పెట్టిరో ఆ క్రమము. కఱవు సంవత్సరములలో ఏ దుంపలు, ఏ పండ్లు తిని బ్రదికిరో ఆ వృత్తాంతము. మొదటిసారి వరియన్నము నిత్యభోజనమైన యేడు. మొదటిసారి కాఫీ మీ యింట చద్దియన్నపు చోటు నాక్రమించిన దినము: ఇవన్నియు మీ జ్ఞప్తియందు మాత్రమే కలవు. మీతోడనే అవి పోవుట న్యాయము కాదు.

కనుక మనుమడు విస్తరిముందు కూర్చుండి "నాకు సంగటి వద్దు" అనినప్పుడు కసరకుడు. ఆ బాలుని నాలుకకును ఒక చరిత్ర కలదు. 1983 తరువాతి చరిత్ర యది. "నా కెందు కిష్టమో చెప్పెదను, వినుము" అని మీ కథ చెప్పుడు. వాని కెందు కిష్టము లేదో వాని మాటయు వినుడు. ఇంట చదువుకొన్న బిడ్డ యుండినచో ఒక నోటుపుస్తకమున వ్రాయించుడు: వంటపేరు, గింజపేరు, నెల, చేసినవారి పేరు. అవ్వలను, అత్తలను తప్పక అడుగుడు. వంటలో సగము చరిత్ర వారియొద్దనే యున్నది. అట్టి పుస్తకము ఊరి కొక్కటి యుండినను, నాలుగువందల యేండ్ల పిమ్మట ఈ సీమ చరిత్ర వ్రాయువారికి మన కాలపు శాసన మదియే యగును. అందు రాజుల పేర్లుండకపోవచ్చును. కాని యెవ రేమి తిని, దేని నిష్టపడి బ్రదికిరో యుండును.